కరమజోవ్ సోదరులు ఎలా చదవాలి: నమ్మకం, అనుమానం, ఒక ఉల్లిపాయ

ఈ నవల నేను మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి రష్యన్ పేర్లకి బెదిరిపోయి నూరో పేజీ దాటకుండానే మూసేశాను. రెండోసారి, అందరూ పొగిడే 'మహా విచారణాధికారి' అధ్యాయం ఒక్కటీ చదివేసి, నవలంతా చదివినట్టు నలుగురిలో మాట్లాడాను. మూడోసారి, మొదటి నుంచి చివరిదాకా, చదివింది నాన్న పోయిన ఏడాది. అప్పుడు గానీ నా పొరపాటు నాకు తెలిసిరాలేదు.

దేవుడున్నాడా లేడా అన్నదానికి ఈ నవల రాసిన దోస్తోయెవ్‌స్కీ ఏం జవాబు చెప్పాడో చూద్దామని చాలామంది ఈ పుస్తకం తెరుస్తారు. పాత్రలు వాదించుకునే చోట్ల ఆ జవాబు వెతుకుతారు. అక్కడ పైచేయి ఎప్పుడూ నమ్మనివాడిదే. నమ్మేవాడు తడబడతాడు, ఊరుకుంటాడు, లేదా ఒక ముద్దు పెట్టి లేచి వెళ్ళిపోతాడు. చదివినవాడికి ఏమీ తేలదు. ఎందుకంటే నమ్మకం తరఫు సాక్ష్యం ఈ నవలలో చేతుల్లో ఉంటుంది. ఎవరు ఎవరికి ఏం ఇచ్చారు, ఎవరి ముందు ఎవరు వంగారు, నిద్రపోతున్నవాడి తల కింద దిండు పెట్టింది ఎవరు. వీటిని పట్టుకుని చదివితే పుస్తకం వేరేగా ఉంటుంది. అలా చదవడానికి నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ముందు ఒక పాత పుస్తకం సంగతి తెలుసుకోండి

రచయిత జీవితం తెలియకపోయినా నవల చదువుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఒక్క వస్తువు గురించి తెలిసి ఉంటే మంచిది.

1849 ఏప్రిల్‌లో దోస్తోయెవ్‌స్కీని అరెస్టు చేశారు. అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు. చర్చినీ, రైతుల బానిసత్వాన్నీ దుయ్యబట్టిన ఒక నిషిద్ధ లేఖని స్నేహితుల మధ్య పైకి చదవడం ఆయన మీద మోపిన నేరాల్లో ముఖ్యమైనది. ఎనిమిది నెలలు కోటలో పెట్టి, డిసెంబర్ 22న పీటర్స్‌బర్గ్‌లో సైనికుల కవాతు మైదానానికి తీసుకెళ్ళి మరణశిక్ష చదివారు. మొదటి ముగ్గురినీ గుంజలకి కట్టారు. ఈయన రెండో వరసలో ఉన్నాడు. తుపాకులు గురిపెట్టాక, జార్ కనికరించాడంటూ ఇంకో కాగితం చదివారు. అంతా ముందే రాసిపెట్టుకున్న నాటకం. అక్కణ్ణుంచి సైబీరియాకి పంపారు.

దారిలో తబోల్స్క్ ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు ఎలాగో తంటాలుపడి ఈ ఖైదీలని కలిశారు. జార్ మీద జరిగిన 1825 తిరుగుబాటులో శిక్ష పడినవాళ్ళ భార్యలు వాళ్ళు. భర్తల వెనకాలే ఎప్పుడో సైబీరియా వచ్చేశారు. ఖైదీలకి తలా ఒక కొత్త నిబంధన ఇచ్చారు, అట్ట లోపల పది రూబుళ్ళ నోటు దాచిపెట్టి. ఓమ్స్క్ జైల్లో నాలుగేళ్ళూ ఖైదీలు పెట్టుకోవడానికి ఒప్పుకున్న పుస్తకం అదొక్కటే. బయటికొచ్చాక కూడా ఆయన దాన్ని వదల్లేదు. 1881లో చనిపోయిన రోజు అదే ప్రతిని తెరిచి, వచ్చిన పేజీని భార్య అన్నా చేత చదివించుకున్నాడు.

అట్టలో దాచిన ఆ పది రూబుళ్ళు గుర్తుపెట్టుకోండి. దేవుడి వాక్యం, దారిఖర్చు ఒకే అట్టలో ఉన్నాయి. ఆయన నవలల్లో దేవుడి మాట వచ్చిన చోటల్లా డబ్బు గొడవో, ఆకలో, తాగుడో ఆ పక్కనే ఉంటుంది.

జైలు నుంచి వచ్చాక, 1854లో, ఆ ఆడవాళ్ళలో ఒకరైన ఫన్‌వీజినాకి ఆయన రాసిన ఉత్తరం ఒకటుంది. నేను ఈ కాలపు బిడ్డని, అనుమానాల బిడ్డని, నా శవపేటిక మూత పడేదాకా ఇలాగే ఉంటానని నాకు తెలుసు అంటాడు అందులో. ఆ వెంటనే, క్రీస్తు సత్యానికి బయట ఉన్నాడని ఎవరైనా రుజువు చేసినా సరే, నేను సత్యాన్ని వదిలి క్రీస్తు దగ్గరే ఉంటానంటాడు. నమ్మకం కుదిరినవాడు రాసే వాక్యమా ఇది? నాకైతే పట్టు తప్పుతుందేమోనని ఇంకా గట్టిగా పట్టుకున్నవాడి మాటలా వినిపిస్తుంది.

ఎనిమిది వందల పేజీలంటే భయమేస్తే, ముందు ఆయనదే ఇంకో నవల 'నేరము-శిక్ష' లో నాలుగో భాగం నాలుగో అధ్యాయం ఒక్కటి చదవండి. ఇద్దరిని గొడ్డలితో చంపిన కుర్రాడు, ఇంట్లోవాళ్ళ ఆకలి తీర్చడానికి ఒళ్ళు అమ్ముకునే సోన్యా చేత, చచ్చి లేచిన లాజరు కథ చదివించుకుంటాడు. కొవ్వొత్తి కొడిగడుతుంటుంది. ఆమె చేతిలో ఉన్న కొత్త నిబంధన ఎక్కడిదో చూడండి. లిజవేత ఇచ్చింది. అతను చంపిన ఇద్దరిలో లిజవేత ఒకతె. చివర్లో, సైబీరియా జైల్లో, అతని దిండు కింద ఉండేది ఆ ప్రతే. నవల అయిపోయేలోపు అతను దాన్ని చేతిలోకి తీసుకుంటాడు గానీ తెరవడు. తెరిపించకుండా ఆపడం దోస్తోయెవ్‌స్కీ నిజాయితీ అనిపిస్తుంది నాకు.

బైబిల్లో నాలుగు చోట్లు చూసి పెట్టుకోండి

చర్చికి వెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళు ఇది దాటేయొచ్చు. మిగతావాళ్ళు ఒక అరగంట కేటాయించండి. ఇంట్లో బైబిలు లేకపోతే తెలిసిన క్రైస్తవుల ఇంట్లో అడగండి, సంతోషంగా ఇస్తారు.

యోహాను సువార్త 2వ అధ్యాయంలో కానా ఊరి పెళ్ళి, 11లో లాజరు, 12లో 24వ వచనం. ఆ వచనంలో గోధుమ గింజ నేలలో పడి చావకపోతే ఒంటిదై మిగులుతుందనీ, చస్తే బాగా ఫలిస్తుందనీ ఉంటుంది. నవల మొదటి పేజీలో ఉన్నది ఆ వాక్యమే, ఆయన సమాధి మీద చెక్కినదీ అదే. నాలుగోది మత్తయి 4. సైతాను క్రీస్తుని మూడుసార్లు శోధించడం. విచారణాధికారి వాదమంతా ఈ మూడు ప్రశ్నల మీదే నడుస్తుంది. ఇది తెలియకుండా ఆ అధ్యాయం చదివితే, గీత తెలియకుండా గీతా వ్యాఖ్యానం చదివినట్టే.

పేర్ల గురించి ఒక్క మాట. అన్నదమ్ములు ముగ్గురు: ద్మీత్రీ, ఇవాన్, అలెక్సేయ్. అలెక్సేయ్, అల్యోషా ఒక్కరే. ద్మీత్రీ, మీత్యా ఒక్కరే. మన ఇళ్ళలో సుబ్రహ్మణ్యం కాస్తా సుబ్బు, చిన్నోడు, బాబాయ్ అయినట్టే. పుస్తకంలో ఒక చీటీ పెట్టుకుని రాసుకుంటే రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఇంగ్లీషులో చదివేట్టయితే గార్నెట్ 1912 నాటి అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మొదటిసారికి అది చాలు.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 'స్టారెట్స్'. మఠంలో ఉండే పెద్దాయన. శిష్యుడు తన ఇష్టాయిష్టాలన్నీ ఆయన చేతిలో పెట్టేస్తాడు. మనకి వెంటనే గురువు, బాబా గుర్తొస్తారు. కొంతవరకు సరే. కానీ ఈ నవలలోని స్టారెట్స్, అల్యోషా గురువు జొసీమా, ఉపదేశం కంటే ముందు ఎదుటివాడి మాట వింటాడు. ఎప్పుడైనా పొరపాటుగా మాట్లాడితే దిద్దుకుంటాడు. ఎలాగో ఇప్పుడు చూద్దాం.

రెండో పర్వంలో ఆడవాళ్ళ దగ్గర ఆగండి

నవలలో 12 భాగాలు, ఒక ఉపసంహారం. వాళ్ళు వాటిని పుస్తకాలంటారు, నాకు పర్వాలు అనడం హాయిగా ఉంది. అందరూ ఐదో పర్వానికి పరిగెడతారు. మీరు రెండో పర్వంలో మూడు, నాలుగు అధ్యాయాలు రెండేసిసార్లు చదవండి. నా దృష్టిలో నవలకి తాళంచెవి అక్కడే ఉంది.

జొసీమా గది బయట పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. అందులో ఒకామె చాలా దూరం నుంచి వచ్చింది, బండి తోలేవాడి భార్య. నాలుగో బిడ్డనీ పోగొట్టుకుంది. పిల్లవాడికి మూడేళ్ళు, మూడు నెలలు తక్కువ. జొసీమా మొదట ఏం చెబుతాడు? నీ బిడ్డ దేవదూతల మధ్య ఉన్నాడమ్మా, సంతోషించు అంటాడు. మా ఆయన నికీతా కూడా ఇదే చెప్పాడు, చెబుతూ వాడూ ఏడుస్తున్నాడు అంటుందామె. ఆ ఓదార్పు అక్కడితో చచ్చిపోయింది. ఒక్కసారి, ఒక్కసారి వాడి చిన్న కాళ్ళ చప్పుడు గదిలో టపటపా వినపడితే చాలు, మూల నక్కి చూస్తాను, దగ్గరికి కూడా వెళ్ళను అంటుంది. అని, రొమ్ముల మధ్య నుంచి వాడి చిన్న నడికట్టు తీసి చూపిస్తుంది. చూపిస్తూనే కూలిపోతుంది.

అప్పుడు జొసీమా మాట మారుస్తాడు. ఓదార్చుకోకు, ఓదార్పు అక్కర్లేదు నీకు, ఏడువు అంటాడు. పిల్లవాడి పేరు అడుగుతాడు. అలెక్సేయ్ అంటుంది. ఇంటికెళ్ళు, మొగుడు ఒక్కడే ఉన్నాడు అంటాడు.

ఇప్పుడు లెక్క చూడండి. దోస్తోయెవ్‌స్కీ చిన్న కొడుకు అలెక్సేయ్ 1875 ఆగస్టులో పుట్టాడు, 1878 మేలో మూర్ఛ వచ్చి పోయాడు. మూడేళ్ళకి మూడు నెలలు తక్కువ. ఆ మూర్ఛ తండ్రిదే, కొడుక్కి వచ్చింది. పిల్లవాడు పోయిన మరుసటి నెలలో ఆయన ఒప్తినా మఠానికి వెళ్ళి అంబ్రోసీ అనే పెద్దాయన్ని కలిశాడు. ఆ పెద్దాయన అన్నాకి చెప్పి పంపిన మాటలే జొసీమా నోట పెట్టాడని అన్నా తన జ్ఞాపకాల్లో రాసింది. కానీ ముందు పనికిరాని ఓదార్పు, తర్వాత పనికొచ్చిన మాట, ఈ వరస నవలలో అలా కుదరడం మాత్రం నాకు మామూలు విషయంగా అనిపించదు. చావింటికి వెళ్ళి 'అంతా పైవాడి దయ' అని వచ్చేసిన వాళ్ళందరం ఆ రెండు పేజీలు చదవాలి. నాన్న పోయినప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్ళలో నాకు గుర్తున్నది, ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి పాలు కాచిన పక్కింటావిడ.

తర్వాతి అధ్యాయంలో డబ్బున్న ఒకావిడ వస్తుంది. చచ్చాక ఏమీ ఉండదేమో, సమాధి మీద గడ్డి తప్ప, ఈ భయంతో చచ్చిపోతున్నాను, రుజువు చేయండి అంటుంది. రుజువు చేయడం కుదరదు, నమ్మకం కుదరడం మాత్రం కుదురుతుంది అంటాడు జొసీమా. ఎలా? పక్కవాళ్ళని పనిచేసే ప్రేమతో ప్రేమించి. అని ఊరుకోకుండా ఒక డాక్టరు కథ చెబుతాడు. ఆ డాక్టరుకి మానవజాతి అంటే ప్రాణం. మనుషుల కోసం శిలువ ఎక్కమన్నా ఎక్కుతాడు. కానీ ఒకే గదిలో రెండు రోజులు ఇంకొకరితో ఉండలేడు. ఒకడు అన్నం తినడానికి గంట చేస్తాడని, ఇంకొకడు జలుబుతో ముక్కు చీదుతూనే ఉంటాడని అసహ్యించుకుంటాడు. మానవసేవే మాధవసేవ అని పొద్దున్నే వాట్సాప్‌లో పంపి, పనిమనిషి ఒక్కరోజు రాకపోతే ఇల్లెగరగొట్టే మనందరి బంధువు ఆ డాక్టరు.

ఇవాన్ దగ్గర పెన్ను పట్టుకోండి

ఇప్పుడు ఐదో పర్వం, 'తిరుగుబాటు' అధ్యాయం. ఒక టీ దుకాణంలాంటి చోట, అన్న ఇవాన్ తమ్ముడు అల్యోషాకి చెబుతాడు. చాలామంది ఇవాన్‌ని నాస్తికుడు అనేస్తారు. అతనేమంటాడో మాట మాట చూడండి. దేవుణ్ణి ఒప్పుకుంటాను, ఆయన లోకాన్ని ఒప్పుకోను అంటాడు. పిల్లలు పడే బాధ మీద కట్టిన స్వర్గం నాకక్కర్లేదు, నా టికెట్ మర్యాదగా తిరిగిచ్చేస్తున్నాను అంటాడు.

అతను చెప్పే కథలు కల్పితాలు కావు. అన్నీ పత్రికల్లో వచ్చినవీ, నిజంగా జరిగినవీ అని దోస్తోయెవ్‌స్కీ 1879 మేలో పత్రిక సంపాదకుడికి రాశాడు. ఎనిమిదేళ్ళ బానిస కుర్రాడు ఆడుకుంటూ రాయి విసిరితే జనరల్ గారి వేటకుక్క కాలికి తగులుతుంది. తెల్లారి తల్లి కళ్ళెదుటే ఆ పిల్లాణ్ణి బట్టలిప్పి పరిగెత్తించి, మీదికి కుక్కల్ని వదులుతారు. ఏం చేయాలి ఆ జనరల్‌ని అని అడుగుతాడు ఇవాన్. కాల్చెయ్యాలి అంటాడు అల్యోషా, మఠంలో ఉండే కుర్రాడు.

ఇక్కడ పుస్తకం మూసి, ఒక కాగితం మీద మీ జవాబు రాయండి. మన దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉంది కదా, పూర్వజన్మ కర్మ. ఆ మాట ఆ తల్లి ఎదురుగా నిలబడి అనగలరేమో చూసుకోండి. నేను రాసి కొట్టేశాను. ఇవాన్ వాదం క్రైస్తవుల్ని దృష్టిలో పెట్టుకున్నదే అయినా, మన జవాబుని కూడా అది వదలదు.

మనకి దేవుణ్ణి నిలదీయడం కొత్త కాదు. గోల్కొండ జైల్లో రామదాసు రాముణ్ణి తిట్టిన తిట్లు ఇవాళ్టికీ గుళ్ళలో పాడుకుంటున్నాం. అందుకని ఇవాన్‌ని కూడా ఆ లెక్కలో కలిపేసుకోవాలనిపిస్తుంది. తొందరపడకండి. రామదాసు తలుపు తీయమని కొడుతున్నాడు. ఇవాన్ తలుపు తీసే ఉన్నా లోపలికి రానంటున్నాడు.

'మహా విచారణాధికారి' ఆ వెంటనే వస్తుంది. పదహారో శతాబ్దపు సెవిల్, క్రీస్తు మళ్ళీ వస్తాడు, తొంభై ఏళ్ళ చర్చి పెద్ద ఆయన్ని జైల్లో వేసి నువ్వెందుకొచ్చావు అని రాత్రంతా మాట్లాడతాడు. అద్భుతం, రహస్యం, అధికారం, ఈ మూడూ ఇస్తేనే జనం సుఖపడతారు, నువ్వు ఇచ్చిన స్వేచ్ఛ వాళ్ళు మోయలేరు అంటాడు. క్రీస్తు ఒక్క ముక్క మాట్లాడడు. చివరికి ఆ ముసలాయన పెదవుల మీద ముద్దుపెడతాడు, అంతే. ఇది ఇవాన్ మనసులో అల్లుకున్న కథ, రచయిత ప్రకటన కాదన్నది మరిచిపోవద్దు. కథ విన్న అల్యోషా లేచి ఇవాన్‌కి ముద్దుపెడితే, ఇది సాహిత్య చౌర్యం అని నవ్వుతాడు ఇవాన్. ఎన్నో పేజీల వాదానికి జవాబుగా వచ్చినవి రెండు ముద్దులు. రెండోది మొదటిదానికి కాపీ. నేను రెండోసారి చదివినప్పుడు వాదం అంతా గీతలు గీసుకుని, ఆ ముద్దుల్ని దాటేశాను.

పెన్ను చేతిలో ఉండగానే ఇంకో పని. 'దేవుడు లేకపోతే ఏదైనా చెల్లుతుంది' అన్న మాట దోస్తోయెవ్‌స్కీ చెప్పినట్టు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నవలలో అది వచ్చిన ప్రతిచోటా పక్కన ఎవరి నోటి నుంచి వచ్చిందో రాయండి. మొదట ఇవాన్ ఇలా అన్నాడట అని వేరొకాయన ఎద్దేవాగా చెబుతాడు. మీత్యా గుర్తుపెట్టుకుంటాను అంటాడు. చివరికి ఇంటి వంటవాడు స్మెర్ద్యకోవ్, మీరు నేర్పిందేగా, అని ఇవాన్‌కే అప్పజెబుతాడు. మాట చేతులు మారేకొద్దీ ఏమవుతుందో చూడటానికి అదొక్కటి చాలు.

ఆరో పర్వం కష్టంగా ఉంటే తిట్టుకోకండి

జొసీమా జీవితం, బోధలు. ఇవాన్‌కి మీరెలా జవాబు చెబుతారు అని పబెదనోస్త్‌సెవ్ అనే పెద్ద అధికారి అడిగితే, ఈ ఆరో పర్వమే జవాబు, కానీ ఇది చాలుతుందో లేదో అని వణుకుతున్నాను అని 1879 ఆగస్టులో రాశాడు దోస్తోయెవ్‌స్కీ. ఒక్కొక్క వాదానికి ఒక్కొక్క జవాబుగా రాయలేదు, ఒక చిత్రంగా రాశాను అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు అందులో సగం పేజీలు నిద్ర తెప్పించాయి. జొసీమా అన్న మార్కెల్ చావుబతుకుల్లో ఉండి పక్షుల్ని క్షమించమని అడిగే చోటు, నౌకరుని కొట్టిన మర్నాడు జొసీమా వాడి కాళ్ళ మీద పడే చోటు, ఈ రెండూ మాత్రం వదలొద్దు. మిగతాది మళ్ళీ ఎప్పుడైనా చదువుకోవచ్చు.

వాసన, ఉల్లిపాయ

ఏడో పర్వానికి ముందు ఫోన్‌లో ఒక బొమ్మ చూడండి. హోల్బైన్ గీసిన 'సమాధిలో క్రీస్తు శవం'. రెండు మీటర్ల పొడవు, ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు. మూత పెట్టిన పెట్టెలో పక్కనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. రంగు మారిన పాదాలు, తెరుచుకున్న నోరు. 1867లో బాసెల్‌లో దాని ముందు దోస్తోయెవ్‌స్కీ కదలకుండా నిలబడిపోతే, మూర్ఛ వస్తుందేమోనని అన్నా భయపడింది. ఇది చూస్తే ఉన్న నమ్మకం పోతుంది అనిపించాడు తర్వాతి నవలలో ఒక పాత్ర చేత.

ఏడో పర్వం ఆ బొమ్మే, ఇంకోలా. జొసీమా చనిపోతాడు. మహాత్ముడు కదా, శవం చెడదు, ఏదో అద్భుతం జరుగుతుంది అని ఊరంతా మఠానికి వస్తుంది. ఆ రోజే శవం వాసన వేస్తుంది. అసూయపరులు లోపల్లోపల సంబరపడతారు. ఫెరపోంత్ అనే ఇంకో సాధువు దెయ్యాల్ని తరుముతానంటూ గది మూలల్లో శిలువ గుర్తు వేస్తూ గొడవ చేస్తాడు. నవ్వొస్తుంది, నవ్వండి, నవ్వించడానికే రాశాడు. అల్యోషా మాత్రం విరిగిపోతాడు. రకీతిన్ అనేవాడు సాసేజి, వోద్కా ఇవ్వబోతే సరే తే అంటాడు. అతను ఇవాన్ వైపుకి వెళ్ళిపోయిన సాయంత్రం అది.

రకీతిన్ అతన్ని గ్రూషెంకా ఇంటికి తీసుకెళ్తాడు. కరమజోవ్ తండ్రీ, మీత్యా ఇద్దరూ వెంటపడే ఆడమనిషి ఆమె. ఈ సాధువుని చెడగొడదామని ఆమె ముందే 25 రూబుళ్ళు ఇస్తానంది. వస్తూనే అల్యోషా ఒళ్ళో కూర్చుంటుంది. వాళ్ళ పెద్దాయన పొద్దున పోయాడు అని రకీతిన్ చెప్పగానే, అయ్యో, నేనిప్పుడు ఇతని ఒళ్ళో కూర్చున్నానా అని ఉలిక్కిపడి దిగిపోతుంది. అంతే. ఆమె చేసింది ఒళ్ళోంచి లేవడం ఒక్కటే. అల్యోషాని తిరిగి నిలబెట్టింది అదే.

అప్పుడు తన చిన్నప్పుడు వంటమనిషి చెప్పిన కథ ఆమె చెబుతుంది. ఒక పాపిష్టి ముసలిది చచ్చి అగ్నిగుండంలో పడింది. జీవితంలో ఒక్క మంచిపని చేసిందా అని దేవదూత వెతికితే, ఒకసారి తోటలోంచి ఉల్లిపాయ పీకి బిచ్చగత్తెకి ఇచ్చిందని తేలింది. ఆ ఉల్లిపాయే పట్టుకుని లాగు అన్నాడు దేవుడు. దాదాపు బయటికి వచ్చేసింది. మిగతా పాపులు ఆమెని పట్టుకుని వేలాడితే, నా ఉల్లిపాయ, మీది కాదు అని కాళ్ళతో తన్నింది. ఉల్లి తెగింది.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మనవాళ్ళు ఆరోగ్యం సంగతిలో అంటారు గానీ, ఈ కథకి కూడా అది అతికినట్టు సరిపోతుంది. ఆ రాత్రి అల్యోషా మఠానికి తిరిగొచ్చి, శవం పక్కన కానా పెళ్ళి కథ చదువుతుంటే వింటూ కునుకుతీస్తాడు. కలలో ఆ పెళ్ళిపందిట్లో జొసీమా ఉంటాడు. నేను ఒక ఉల్లిపాయ ఇచ్చాను, అందుకే ఇక్కడున్నాను, ఇక్కడ చాలామంది తలా ఒక ఉల్లిపాయ ఇచ్చినవాళ్ళే అంటాడు. లేచి బయటికొచ్చి, చుక్కల కింద నేల మీద పడి, నేలని కావలించుకుని ఏడుస్తాడు అల్యోషా. మూడు రోజుల తర్వాత మఠం వదిలి లోకంలోకి వెళ్ళిపోతాడు. వాసన సంగతి? అది అలాగే ఉంది. రచయిత దాన్ని తుడిచేయలేదు.

ఇక్కణ్ణుంచి ఉల్లిపాయలు ఏరుకోండి

ఏడో పర్వం తర్వాత కథ హత్య కేసులోకి వెళ్ళిపోతుంది, వేగం పెరుగుతుంది. నమ్మకం సంగతి అయిపోయిందనుకుని చాలామంది తిప్పేస్తారు. అట్ట లోపల ఒక తెల్లకాగితం పెట్టుకుని, ఎవరైనా ఎవరికైనా చిన్నదేదైనా ఇచ్చిన చోటల్లా పేజీ నంబరు రాసుకోండి. నా కాగితం మీద ఉన్నవాటిలో రెండు చెబుతాను.

తండ్రిని చంపాడన్న నేరం మీద మీత్యాని రాత్రంతా ప్రశ్నిస్తారు. అలసిపోయి ఒక పెట్టె మీద నిద్రపోతాడు. కలలో కాలిపోయిన పల్లె, పాలు ఇంకిపోయిన తల్లి, చలికి ఏడుస్తున్న పసిబిడ్డ. ఎందుకేడుస్తున్నాడు, ఎందుకు వీళ్ళు ఇంత బీదగా ఉన్నారు అని అడుగుతూనే ఉంటాడు. మెలకువ వచ్చేసరికి తల కింద దిండు ఉంటుంది. ఎవరు పెట్టారు, అంత మంచి మనసు ఎవరిది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఎవరో చివరిదాకా తెలియదు. మీరు ఏ కాగితం మీద సంతకం పెట్టమంటే దానిమీద పెడతాను అంటాడు. ఇవాన్ అడిగిన పిల్లల ప్రశ్నే ఇతను కలలో అడిగాడు. దక్కింది జవాబు కాదు, ఒక దిండు.

రెండోది కోర్టులో. ముసలి జర్మన్ డాక్టరు సాక్ష్యం చెబుతాడు. మీత్యా చిన్నప్పుడు, తండ్రి పట్టించుకోక, ఒక్క బొత్తాం మీద వేలాడే నిక్కరుతో చెప్పులు లేకుండా తిరిగేవాడని, ఒకసారి వాడికి ఒక పౌను (అరకిలోకి కాస్త తక్కువ) గింజలు, మన బాదంపప్పులాంటివి, కొనిచ్చానని. 23 ఏళ్ళ తర్వాత ఒక యువకుడు వచ్చి, నాకు పౌను గింజలు కొనిచ్చింది మీరొక్కరే అని కృతజ్ఞత చెప్పి వెళ్ళాడని. జీవితం మొత్తంలో ఒక్క పౌను. కేసుకి దానితో ఏ సంబంధం లేదు. న్యాయవాదుల ఉపన్యాసాలు నేను మర్చిపోయాను, ఇది మర్చిపోలేదు.

ఒక మచ్చ ఉంది, దాన్ని కూడా రాసుకోండి. పదకొండో పర్వంలో, రుజువు అడిగిన ఆ డబ్బున్నావిడ కూతురు లీసా అల్యోషాని అడుగుతుంది, యూదులు పండక్కి పిల్లల్ని ఎత్తుకెళ్ళి చంపుతారంటారు, నిజమా అని. నాకు తెలియదు అంటాడు అల్యోషా. అది పచ్చి అబద్ధం, ఆ అబద్ధం పేరుతో యూదుల్ని చంపారు. పిల్లల కన్నీళ్ళ గురించి అంత రాసిన మనిషి ఇక్కడ కాదు అనిపించలేకపోయాడు. ఆయన పత్రికా వ్యాసాల్లో యూదుల మీద, పోలిష్ వాళ్ళ మీద, కేథలిక్కుల మీద ద్వేషం ఇంకా బాహాటంగా ఉంటుంది. గొప్ప రచయిత కదా అని దాన్ని పక్కకి నెట్టొద్దు. రష్యన్ క్రీస్తు ఒక్కడే అసలైనవాడు అనుకున్నాక, ఆయన చేతిలోని ఉల్లిపాయ కూడా 'నాది, మీది కాదు' అయింది.

చివరి అధ్యాయం ఒక్క కూర్చోడంలో

అది రాత్రి నిద్రమత్తులో చదవకండి. ఇల్యూషా అనే చిన్నపిల్లాడి అంత్యక్రియలు. వాడి తండ్రి, పిల్లాడి శవపేటిక వెనకాల పరిగెడతాడు. పిచ్చుకలు వస్తే వాడికి తోడుంటాయని సమాధి మీద రొట్టె ముక్కలు చల్లుతాడు. ఇంటికొచ్చాక మూలనున్న చిన్న బూట్లు చూసి పడిపోతాడు. రెండో పర్వంలో తల్లి చూపించిన నడికట్టు మీకు గుర్తొస్తే, మీరు సరిగ్గానే చదివారు.

తర్వాత అల్యోషా పిల్లలందరినీ పోగేసి రాయి దగ్గర మాట్లాడతాడు. మనం నిజంగా మళ్ళీ లేస్తామా, ఒకరినొకరు చూసుకుంటామా అని అడుగుతాడు ఇల్యూషా స్నేహితుడు కోల్యా. తప్పకుండా లేస్తాం అంటాడు అల్యోషా, సగం నవ్వుతూ. ఆ సగం నవ్వు దగ్గర కాసేపు ఆగండి. తర్వాత, పదండి, భోజనానికి వెళ్దాం, అట్లు తినడానికి మొహమాటపడకండి, ఇది పాత ఆచారం అంటాడు. రష్యాలో చావు భోజనంలో అట్లు పెడతారు. ఇంత ఏడుపులో అట్లేమిటి అని కోల్యాకి అంతకుముందే వింతగా అనిపించింది.

నాకూ అనిపించింది. నాన్న పన్నెండో రోజున పందిరి కింద విస్తళ్ళు వేసి గారెలు వడ్డిస్తుంటే, చేయి ఆడక అలాగే కూర్చున్నాను. పెద్దమ్మ వెనకనుంచి వచ్చి, నా విస్తట్లో రెండు వేసి, తినమ్మా, వేడిగా ఉన్నాయి అంది.